రామమోహనుని అనంతరం బ్రహ్మసమాజం

బ్రహ్మసమాజాన్ని 1828లో రాజా రామమోహనరాయ్ స్థాపించారని మన పాఠ్యగ్రంథాలు ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే సతీసహగమన నిషేధానికి వెళ్ళిపోతాయి. విద్యార్థులు కూడా పరీక్షలో అంతమాత్రమే వ్రాసి ఊరుకుంటారు. కాని స్థాపకుడు ఆ సమాజంతో కలిసి ఉన్న కాలం రెండేళ్ళ పైచిలుకు మాత్రమే. 1830 నవంబరులో ఆయన ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. 1833 సెప్టెంబరు 27న బ్రిస్టల్ నగరంలో కన్నుమూశారు. ఆ తరువాతి అర్ధశతాబ్దపు కథయే మనం తెలుసుకోదగినది.

యౌవనంలో అరబ్బీ పీఠికతో, పారశీక భాషలో ‘తుహ్ఫతుల్ మువహ్హిదీన్’ అనే ఏకేశ్వరవాద గ్రంథాన్ని రచించిన రామమోహనులు వారసుని నియమించలేదు. కొత్త ధర్మగ్రంథమూ ఇవ్వలేదు. ఆయన వదలి వెళ్ళినవి కలకత్తాలో ఒక ప్రార్థనామందిరం, 1830 నాటి ధర్మకర్తృత్వ పత్రం. ఏ విగ్రహమూ ఆ మందిరంలోకి రాకూడదనీ, ఇతరులు పూజించేదానిని అక్కడ నిందించకూడదనీ, భేదం పాటించక మనుష్యులందరికీ ప్రవేశం ఉండాలనీ ఆ పత్రం శాసించింది. ఆచరణ మాత్రం వేరుగా ఉండేది. తొలినాళ్ళలో వేదపఠనం ఒక పక్కగదిలో జరిగేది. అక్కడికి బ్రాహ్మణేతరులకు ప్రవేశం లేదు. ఆ వేదం చదివినవారు ఇద్దరు తెలుగు బ్రాహ్మణులని తెలిస్తే మనవారికి ఆశ్చర్యం కలుగుతుంది. అదే ప్రార్థనలో కీర్తనలకు పఖవాజ్ వాయించినవాడు గులాం అబ్బాస్ అనే ముస్లిం. రామమోహనులు కూడా మరణించేవరకు యజ్ఞోపవీతాన్ని తీసివేయలేదు. అందుచేత తరువాత కలహించిన ప్రతి పక్షానికీ స్థాపకుని జీవితంలో ఒక ఆధారం దొరికింది.

ఆయన పోయిన తరువాత పదేళ్ళపాటు సమాజం దాదాపు నామమాత్రంగా నిలిచింది. ద్వారకానాథ్ ఠాకూరు ధనసహాయం చేసేవారు. రామచంద్ర విద్యావాగీశులు ప్రార్థన తప్పిపోకుండా నడిపించేవారు. చరిత్రలో ఇటువంటివారికి దక్కవలసినంత గౌరవం దక్కదు. 1843 డిసెంబరులో ద్వారకానాథుని కుమారుడు దేవేంద్రనాథ్ ఠాకూరు, మరి ఇరవైమంది ఆ వృద్ధుని చేతనే దీక్ష తీసుకున్నారు. అంతవరకు ఎవరైనా వచ్చి కూర్చుని వెళ్ళే మందిరానికి అప్పుడు ప్రతిజ్ఞ చేసిన సభ్యులు ఏర్పడ్డారు. ప్రార్థనాసభ ఒక మతసంఘమైంది.

సంఘమన్న తరువాత దానికి ప్రమాణమేమిటనే ప్రశ్న పుట్టక తప్పదు. వేదం అపౌరుషేయమా, కాదా? తేల్చుకోవటానికి దేవేంద్రనాథులు నలుగురు యువకులను వేదాధ్యయనం కోసం కాశీకి పంపారు. అక్షయకుమార దత్తు వంటి హేతువాదులు ఇంటనే వాదానికి దిగారు. చివరకు 1850 ప్రాంతంలో వేదప్రామాణ్యాన్ని సమాజం విడిచిపెట్టింది. దాని స్థానంలో నిర్మలహృదయంలో కలిగే జ్ఞానమే ప్రమాణమన్నారు. అయినా గ్రంథం లేక నడవలేదు. ఉపనిషద్వాక్యాలు మొదలైనవి ఏర్చి కూర్చి ‘బ్రాహ్మధర్మ’ గ్రంథాన్ని దేవేంద్రనాథులే సిద్ధం చేశారు.

1857లో చేరిన కేశవచంద్రసేనుకు ఈ నెమ్మది నచ్చలేదు. వేదికపై కూర్చునే ఆచార్యునికి జంధ్యం ఎందుకని ఆయన వర్గం ప్రశ్నించింది. ఈ తగవు ముదిరి, 1866లో సమాజం రెండైంది. పాతవారు ఆది బ్రహ్మసమాజమనిపించుకున్నారు. కేశవుని ప్రయత్నం వలననే 1872లో వివాహ చట్టం వచ్చింది. వధువుకు 14, వరునికి 18 ఏళ్ళు నిండాలన్నది ఆ చట్టం. దాని క్రింద పెండ్లాడేవారు తాము హిందూమతాన్ని గాని, ఇస్లాం, క్రైస్తవాది మతాలను గాని అవలంబించటం లేదని ప్రకటించవలసి వచ్చింది. రామమోహనులు ఊహించని ఎడబాటు ఇది.

ఆరేళ్ళు గడిచాయి. 1878 మార్చిలో కేశవులు 14 ఏళ్ళు నిండని తమ కుమార్తె సునీతిని కూచ్‌బిహార్ మహారాజుకిచ్చి వివాహం చేశారు. దైవాదేశమే అందుకు కారణమన్నారు. నా అభిప్రాయంలో సమాజచరిత్రకు కీలకమైన ఘట్టం ఇదే. నాయకుని అంతర్వాణి గొప్పదా, అందరూ కలిసి అంగీకరించిన నియమం గొప్పదా? పైగా ఆ నియమం బాలికల రక్షణకు పుట్టినది. శివనాథశాస్త్రి, ఆనందమోహన్ బోసు ప్రభృతులు నియమం పక్షాన నిలిచి, మే 15న సాధారణ బ్రహ్మసమాజాన్ని నెలకొల్పారు. అందులో గురువు లేడు. ఎన్నికైన సంఘం ఉంది.

కేశవులు తరువాత ‘నవవిధానం’ ప్రకటించారు. ఆయన ప్రేరణతో గిరీశచంద్రసేన్ ఖుర్ఆన్‌ను వంగభాషలోకి అనువదించటం మన పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం. 1884లో కేశవులు మరణించగానే ఆయన వేదికపై ఎవరు కూర్చోవాలనే వివాదం చెలరేగింది. అది ఖాళీగానే ఉండాలని శిష్యులలో ఒక వర్గం పట్టుబట్టింది; ప్రతాపచంద్ర మజుందారు దానికి సమ్మతించలేదు. గురువును స్మరించటానికి ఖాళీ ఆసనం ఉపకరిస్తుందేమో గాని, వచ్చే ఆదివారం ప్రార్థన ఎవరు చేయాలో అది చెప్పదు కదా!

ఆంధ్రదేశంలో ఈ ధర్మానికి వీరేశలింగం పంతులుగారు, రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఆశ్రయమిచ్చారు. రామమోహనులు పోయిన 29 ఏళ్ళకు పుట్టినవారు నాయుడుగారు. కలకత్తాలో జంధ్యం గురించి, వేదిక గురించి జరిగిన తగవులతో ఆయనకు పని లేకపోయింది. కాకినాడ కళాశాలకు అధ్యక్షులుగా ఉండి కులభేదం లేని సహవాసాన్ని విద్యార్థులకు అలవాటు చేశారు. ఆయన శిష్యులైన పిఠాపురం మహారాజావారు ఆ పట్టణంలోనే అనాథ శరణాలయాన్ని స్థాపించారు.