అండమాన్‌కు కేబుల్ వచ్చింది... లాభాన్ని కొలిచేదెలా?

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా లెక్కేస్తే సుమారు 1,360 కిలోమీటర్లు. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ ఊరి నుంచి 2020కి ముందు ఇంటర్నెట్ సంకేతాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం దాకా వెళ్లి దిగాల్సి వచ్చేది. రేడియో తరంగాలది కాంతి వేగమే అయినా, వెళ్లడానికి 0.24 సెకను, జవాబు రావడానికి మరో 0.24 సెకను పట్టేది.

అర సెకనే కదా అనిపించవచ్చు. కానీ దుకాణంలో కార్డు గీకితే యంత్రానికీ, బ్యాంకు సర్వర్‌కూ మధ్య పలు దఫాలు సందేశాలు నడుస్తాయి. ప్రతి దఫాకూ ఈ ఆలస్యం తోడవుతుంది. పైగా ఉపగ్రహ బ్యాండ్‌విడ్త్ పరిమితం, ఖరీదైనది. దాన్నే దీవులన్నీ పంచుకోవాలి.

2020 ఆగస్టు 10న ప్రారంభమైన సముద్రగర్భ కేబుల్ ఈ లెక్కను మార్చింది. సుమారు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్‌ను బీఎస్ఎన్ఎల్ వేయించింది. గాజు పోగులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కాబట్టి చెన్నైకి వెళ్లి రావడానికి 15 మిల్లీసెకన్ల పైచిలుకు చాలు. చెన్నై, పోర్ట్ బ్లెయిర్ మధ్య సామర్థ్యం సెకనుకు 2×200 గిగాబిట్లు. స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలండ్, రంగత్‌లకు 2×100 గిగాబిట్లు.

ఖర్చు సుమారు 1,224 కోట్ల రూపాయలు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3.8 లక్షలు. అంటే తలకు 32 వేల రూపాయల పైమాటే! చందాల మీద ఇంత సొమ్ము రాబట్టుకోవడం ఏ ప్రైవేటు కంపెనీకైనా కష్టం. అందుకే టెలికాం శాఖ పరిధిలోని సార్వత్రిక సేవా నిధి దీన్ని భరించింది.

మరి ఉత్పాదకత పెరిగిందా? కేబుల్‌కు ముందు, తర్వాత ఆదాయాలను పోల్చి చెప్పేస్తే తప్పవుతుంది. అది కోవిడ్ ఏడాది. పర్యాటకం ఆగిపోయి, తర్వాత కోలుకుంది. ఆ కోలుకోవడాన్ని కేబుల్ ఖాతాలో వేయలేం. ఆఫ్రికాకు సముద్ర కేబుళ్లు వచ్చినప్పుడు ఆర్థికవేత్తలు జోనాస్ యోర్ట్, జోనాస్ పౌల్సెన్ ఇంకో దారి పట్టారు. నేల మీది ఫైబర్ లైనుకు దగ్గరున్న ఊళ్లను, దూరంగా ఉన్న ఊళ్లతో పోల్చారు. 2019లో వెలువడిన వారి అధ్యయనంలో, దగ్గరి ఊళ్లలో ఉపాధి పెరిగినట్టు తేలింది. తక్కువ చదువుకున్నవారికీ మేలు జరిగింది.

అండమాన్‌లోనూ కేబుల్ చేరిన దీవులను, చేరని వాటితో ఇలాగే పోల్చవచ్చు. అయితే ఏ పని అన్నది చూడాలి. హోటల్ బుకింగ్, ఆన్‌లైన్ చదువు, దూరవైద్యం వెంటనే లాభపడతాయి. చేపల వ్యాపారి సంగతి వేరు. చెన్నైలో ధర క్షణంలో తెలుస్తుంది కానీ, సరుకు మంచులో పెట్టి ఓడలోనో, విమానంలోనో పంపాల్సిందే.