పట్టిందల్లా సరిపోదు!

నాన్నమ్మ షుగరు మిషన్ తెరిస్తే సీఆర్ 2032 అని ఉన్న బటన్ సెల్ కనిపించింది. ఆ పేరులోనే లెక్కంతా ఉంది. సీ అంటే లిథియం రకం, 3 వోల్టులు. ఆర్ అంటే గుండ్రం. 20 అంటే వ్యాసం 20 మి.మీ., 32 అంటే మందం 3.2 మి.మీ. సీఆర్ 2025 కూడా 3 వోల్టులే, కానీ మందం 2.5 మి.మీ. కాబట్టి వదులై కాంటాక్టు తప్పొచ్చు. రెండు సీఆర్ 2016లు ఒకదానిమీదొకటి పెడితే మందం సరిగ్గా 3.2 మి.మీ. వస్తుంది, వోల్టేజీ మాత్రం 6! సర్క్యూట్ కాలిపోవచ్చు.

ఎల్ఆర్ 44, ఎస్ఆర్ 44 కొలతల్లో కవలలు. ఆల్కలైన్ ఎల్ఆర్ 1.5 వోల్టులతో మొదలై వాడేకొద్దీ దిగిపోతుంది. సిల్వర్ ఆక్సైడ్ ఎస్ఆర్ 1.55 దగ్గర దాదాపు చివరిదాకా నిలబడుతుంది. కొలిచే పరికరాలకి అదే నయం.

అందుకే నేనైతే షాపులో అంకెలతో పాటు అక్షరాలూ చదివాకే డబ్బులిస్తాను.