రోటరీ గ్రాంటు: పంచాయతీ చేయవలసిన పని

సుబేదారిలోని జిల్లా కలెక్టరు కార్యాలయమునకు పనులపై వచ్చు సర్పంచులు, వార్డు సభ్యులు మమ్ము తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు: "రోటరీ వారు పైదేశముల సొమ్ముతో మంచినీటి పథకములు పెట్టించెదరట. మా ఊరికి అర్జీ ఎట్లు పెట్టవలెనండీ?"

పంచాయతీ నేరుగా అర్జీ పెట్టజాలదు. మన దేశపు రోటరీ క్లబ్బు ఒకటి, వెలుపలి దేశపు క్లబ్బు ఒకటి కలిసి పెట్టవలెను. 1905లో చికాగో నగరమున పుట్టిన ఈ సంస్థకు శాశ్వత నిధి యుండవలెనని 1917లో ఆర్చ్ క్లంఫ్ సూచించెను. అందు మొదట చేరిన విరాళము ఇరువదియారున్నర డాలర్లు మాత్రమే! నేడు ఆ నిధి ఇచ్చు 'గ్లోబల్ గ్రాంటు' కోరు పథకపు వ్యయము కనీసము 30,000 డాలర్లు, అనగా పాతిక లక్షల రూపాయలకు పైబడి, ఉండవలెను. ఒక్క బోరింగు కొరకు ఈ దారి పట్టుట వృథా. ఈ సొమ్ముతో స్థలము గాని భవనము గాని కొనరాదు. ముందే ముగిసిన పనికి వాడరాదు. సొమ్ము క్లబ్బు ఖాతాకే చేరును. దీనికి నొచ్చుకొను సర్పంచులున్నారు గాని, నియమమది.

మరి పంచాయతీకి పనియేమి? అసలు పని దానిదే. ఊరి అవసరమును విచారించి వ్రాయనిదే అర్జీ సాగదు. ఏ వాడవారు నీటికెంత దూరము పోవుచున్నారు, బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లెన్ని అని ఇంటింట అడుగవలెను. ముఖ్యముగా స్త్రీల నడుగవలెను. బిందె మోయువారికి తెలిసినది మనకు తెలియదు.

అంతకంటె కఠినమైన ప్రశ్న మరొకటి: గ్రాంటు ముగిసిన పిదప పథకమును నడుపువారెవరు? దాతలిచ్చిన నీటిశుద్ధి యంత్రమొకటి ఒక గ్రామమున తాళము పడియుండగా మేము చూచితిమి. యంత్రము చెడలేదు. ఫిల్టరు మార్చు ఖర్చునకు పూచీపడిన వారు లేరు. మన పూర్వులు చెరువు త్రవ్వించి ఊరకుండలేదు. మరమ్మతునకు దశబంధ మాన్యములు, నీరు వదలు నీరటికి పంటలో మేర ఏర్పరచిరి. అర్జీలో కోరునదియు అదియే.

కావున గ్రామసభలో తీర్మానము చేయుడు. ఉదాహరణకు 300 కుటుంబములు నెలకు 20 రూపాయల వంతున చెల్లించిన 6,000 రూపాయలగును. అది కరెంటునకు, ఫిల్టర్లకు, నడుపువాని జీతమునకు చాలునా? చాలనిచో మిగిలినది ఏ పద్దునుండి? తాళపుచెవి ఎవరియొద్ద ఉండును? ఇవన్నియు అంకెలతో వ్రాసి, కార్యదర్శి సంతకముతో క్లబ్బువారికి అందజేయుడు. క్లబ్బు ఏటేట నివేదిక పంపవలెను, పని ముగిసిన రెండు నెలలలో తుది నివేదికయు ఈయవలెను. అందులకు మీ జమాఖర్చుల పుస్తకమునే అడుగుదురు. దానిని మొదటి నెలనుండియే వ్రాయించుడు.