స్టెరాయిడ్ మాత్రలు: దుష్ఫలితాలు కనిపించినపుడు ఏమి చేయవలెను?

ఉబ్బసం, కీళ్లవాతం, కొన్ని చర్మవ్యాధులు, మూత్రపిండ వ్యాధులు తీవ్రమైనపుడు వైద్యులు ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, డెఫ్లజాకార్ట్ వంటి స్టెరాయిడ్ మందులను వ్రాస్తారు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాత రోగికి తొలిసారి కార్టిసోన్ ఇచ్చినపుడు కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. ఆ కృషికి 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అయితే ఎక్కువ కాలం వాడినవారిలో కలిగే హాని కూడా త్వరలోనే బయటపడింది.

దుష్ఫలితాలు

ముఖం గుండ్రంగా ఉబ్బుట, బరువు పెరుగుట, నిద్ర పట్టకపోవుట, చిరాకు, రక్తంలో చక్కెర, రక్తపోటు పెరుగుట, కడుపులో మంట, ఎముకలు గుల్లబారుట, కంటిలో శుక్లాలు ముఖ్యమైనవి. రోగనిరోధక శక్తి కూడా తగ్గుతుంది. 2021లో కోవిడ్ రెండవ విడతలో బ్లాక్ ఫంగస్ ప్రబలుటకు అదుపులో లేని మధుమేహంతో పాటు స్టెరాయిడ్ల మితిమీరిన వాడకం ఒక ముఖ్య కారణం.

హఠాత్తుగా ఎందుకు ఆపరాదు?

నాగలాపురం నుండి కోవిల్‌పట్టికి అగ్గిపెట్టెల కర్మాగారంలో పనికి వచ్చిన ఒక స్త్రీ రెండు నెలలుగా ఈ మాత్రలు వాడుతున్నదనుకొందాం. ముఖం ఉబ్బినదని ఇరుగుపొరుగువారు అనగా, ఆమె భయపడి ఒక్కసారిగా మాత్రలు మానివేసినది. కొద్ది రోజులకే వాంతులు, తల తిరుగుడు, లేవలేని నీరసం మొదలైనవి. కారణమేమి?

మూత్రపిండాలపైనున్న అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును ప్రతిదినం తయారు చేస్తాయి. మూడు నాలుగు వారాలకు మించి మాత్రల ద్వారా స్టెరాయిడ్ అందినచో ఆ గ్రంథులు మందగిస్తాయి. అవి మరల మేల్కొనుటకు వారాలు, ఒక్కొక్కపుడు నెలలు పడుతుంది. అందుచేతనే వైద్యులు మోతాదును మెట్టుమెట్టుగా తగ్గిస్తారు. ఆమె మాత్రలు మానుటకు బదులు, ముఖం ఉబ్బిన నాడే వైద్యుని వద్దకు వెళ్లవలసినది.

పాటించవలసినవి

1. మోతాదును స్వయంగా తగ్గించరాదు, పెంచరాదు, ఆపరాదు.
2. వైద్యుడు వేరుగా చెప్పనిచో ఉదయం ఆహారం తరువాత మాత్ర వేసుకొనవలెను.
3. రక్తపోటు, చక్కెర, కంటి పరీక్షలు వైద్యుడు చెప్పిన గడువులో చేయించుకొనవలెను.
4. పాత చీటీ చూపి మందుల దుకాణంలో మరల మరల కొనరాదు.
5. మందు పేరు, మోతాదు, ప్రారంభించిన తేదీ వ్రాసిన కాగితం ఎల్లపుడు వెంట ఉంచుకొనవలెను. పళ్లు తీయించుకొనునపుడు, శస్త్రచికిత్సకు ముందు దానిని చూపవలెను.
6. తమిళం అంతగా రానివారు ఈ వాక్యం నేర్చుకొనవలెను: "నాన్ స్టీరాయిడ్ మాత్తిరై సాప్పిడుగిరేన్" (నేను స్టెరాయిడ్ మాత్ర వేసుకొంటున్నాను).

ఆలస్యం చేయరాని సందర్భాలు

వాంతుల వలన మాత్ర కడుపులో నిలువకపోయినా, స్పృహ తప్పుతున్నా, మలం నల్లగా వచ్చినా, తీవ్ర జ్వరం వచ్చినా, చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. అత్యవసర అంబులెన్సుకు 108, వైద్య సలహాకు 104 నంబరుకు ఫోన్ చేయవచ్చును. ఇంటిలో ఎవరికైనా ఆటలమ్మ సోకినచో, తనకు ఏ లక్షణం లేకున్నను వైద్యునికి తెలుపవలెను.

అభ్యాసం

1. స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా మానినచో శరీరంలో ఏమి జరుగుతుంది?
2. మీ ఇంటిలో ఎవరైనా ఈ మందు వాడుతున్నారా? వారి వద్ద మందు వివరాల కాగితం ఉన్నదా? లేనిచో ఈ రోజే వ్రాసి ఇవ్వండి.