వాగ్దాన కార్డు మీద అచ్చు కాని పది వచనాలు – యిర్మీయా 29 ధ్యానం

ఈ వారం వీడియోలో టైమ్ సరిపోక చెప్పలేకపోయిన సంగతులు కొన్ని ఉన్నాయి, అవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. బైబిల్ పక్కన పెట్టుకుని చదవండి. వచనాలు నేను రాయడం లేదు, రిఫరెన్సులు మాత్రమే ఇస్తున్నాను. మీరే పేజీ తిప్పి మీ కళ్ళతో చూసుకుంటే ఆ మాట మీ దగ్గర ఉంటుంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు తీసుకోవడం మన తెలుగు సంఘాల్లో అందరికీ అలవాటే. మా ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు అమ్మ ఏ సంవత్సరం కార్డు ఆ సంవత్సరం వరసగా అంటిస్తుంది. మా యూత్‌లో ఒక చెల్లికి ఒక ఏడు యిర్మీయా 29:11 వచ్చింది. తను కూడా నాలాగే సాఫ్ట్‌వేర్. ఆ కార్డు ఫోటోనే ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుంది. మే నెలలో వాళ్ళ కంపెనీలో టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఇంట్లో తన జీతం మీదే నడుస్తోంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను అడిగింది: "అన్నా, దేవుడు మాట తప్పాడా, లేకపోతే నాకే విశ్వాసం చాలలేదా?"

తనకు ఆ రెండు దారులే కనబడ్డాయి. రెండూ ప్రమాదమైనవే. ఒకటి దేవుని మీద నింద వేస్తుంది, రెండోది అప్పటికే విరిగిన మనిషి మీద ఇంకో బరువు పెడుతుంది. మూడో ప్రశ్న ఒకటి ఉంది: అసలు ఆ వచనం చెప్పేది ఏమిటి?

ఆఫీసులో ఏదైనా ఆగిపోతే ఎవరో ఒకరు ఎర్రర్ లాగ్‌లో ఒక్క లైన్ స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. మేము వెంటనే అడిగేది ఒక్కటే, "పైన ఏముందో పంపు." ఆ ఒక్క లైన్ అబద్ధమేం కాదు. కానీ దాని ముందు ఏం జరిగిందో చూడకుండా దానికి అర్థం చెప్పలేం. 29:11 పైన పది వచనాలు ఉన్నాయి. అవి కార్డు మీద పట్టవు. పట్టినా ఎవరూ ప్రింట్ చేయరేమో!

ముందు 1 నుండి 3 వచనాలు చూడండి. ఇది ప్రసంగం కాదు, ఉత్తరం. యిర్మీయా యెరూషలేములో ఉండి బబులోనుకు చెరపట్టబడిన వాళ్ళకు రాశాడు. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు రాజైన యెకొన్యాను, అతని తల్లిని, అధిపతులను, చేతిపని తెలిసినవాళ్ళను ఏరి మరీ తీసుకుపోయాడు. యెరూషలేము ఇంకా కూలలేదు, మందిరం నిలబడే ఉంది. అది 586లో జరుగుతుంది. అంటే ఈ ఉత్తరం అందుకున్నవాళ్ళ మనసులో, ఇంకా ఇల్లు ఉంది, ఊరు ఉంది, ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు అనే ఆశ బలంగా ఉంది. ఉత్తరం పట్టుకెళ్ళినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి, షాఫాను కుమారుడైన ఎల్యాశా, హిల్కీయా కుమారుడైన గెమర్యా. సిద్కియా రాజు పనిమీద వెళ్తున్నవాళ్ళ చేతికి ఇచ్చాడు. ఎంత దూరమో తెలియాలంటే ఎజ్రా 7:9 చూడండి. తర్వాతి కాలంలో ఎజ్రా బబులోను నుండి యెరూషలేముకు రావడానికి నాలుగు నెలలు పట్టింది.

అంత దూరం మోసుకొచ్చిన ఉత్తరంలో మొదటి సంగతి ఏమిటి? 5, 6 వచనాలు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లలకు కూడా పెళ్ళిళ్ళు చేయండి, అక్కడ తగ్గిపోకుండా పెరగండి అని. ఇల్లు ఖాళీ చేసి బయల్దేరడానికి మూటలు కట్టుకుని కూర్చున్నవాడికి ఈ మాట ఎలా ఉంటుందో ఆలోచించండి. తోట వేస్తే పళ్ళు రావడానికే ఏళ్ళు పడుతుంది. యెహెజ్కేలు 8:1 కూడా ఇక్కడ కలుపుకుని చదవండి. అతడు కూడా ఈ చెరలోనివాడే. అక్కడ అతను తన ఇంట్లో కూర్చుని ఉంటే యూదా పెద్దలు అతని ఎదుట కూర్చున్నారు. చెరలో ఇల్లు పెట్టుకోవడం మాటవరసకు చెప్పింది కాదు.

10వ వచనంలో అసలు దెబ్బ ఉంది. డెబ్బై సంవత్సరాలు! నలభై ఏళ్ళ తండ్రి ఆ ఉత్తరం వింటున్నాడనుకోండి, తిరిగి వెళ్ళేది తను కాదని అక్కడికక్కడే లెక్క తేలిపోతుంది. (ఈ డెబ్బైని ఎక్కడ నుండి లెక్కపెట్టాలనే దాని మీద పండితుల్లో రెండు మూడు అభిప్రాయాలున్నాయి. ఎలా చూసినా ఒక మనిషి జీవితకాలం.) ఇది విన్నాక, ఆ తర్వాతే, 11వ వచనం వస్తుంది. మన కార్డు మీది మాట మొదట అందుకున్నవాళ్ళలో చాలామంది బబులోనులోనే కన్నుమూశారు. దేవుడు వాళ్ళకు అబద్ధం చెప్పాడా? లేదు. ఎన్నేళ్ళు పడుతుందో ముందే చెప్పి, ఆ తర్వాతే నిరీక్షణ ఇచ్చాడు.

ఇక్కడ మన తెలుగు బైబిల్ మనకు ఒక మేలు చేస్తుంది. ఇంగ్లీషులో చదివితే ఒక్కరితో మాట్లాడినా పదిమందితో మాట్లాడినా ఒకటే పదం. తెలుగులో అలా కాదు. దేవుడు యిర్మీయాను పిలిచేటప్పుడు (1:5) "నిన్ను" అంటాడు. యెహోషువతో (1:9) కూడా "నీవు" అనే. 29:11లో మాత్రం "మిమ్మును" అని ఉంది. మన భాషలో "మీరు" గౌరవానికి కూడా వాడతాం కాబట్టి ఇది మన చెవికి తట్టదు. కానీ దేవుడు ఒక్క మనిషితో మాట్లాడుతూ గౌరవార్థం "మీరు" అనడం మన బైబిల్లో పద్ధతి కాదు. ఇది బహువచనం, హీబ్రూలో కూడా బహువచనమే. ఒక జనాంగం మొత్తానికి చేసిన వాగ్దానం. నా ఒక్కడి కెరీర్ ప్లాన్ అందులో వెతకడం కుదరదు.

ఇంకో చోట తెలుగులో చదివేవాళ్ళకు ఒక ముడి కనబడకుండా పోతుంది. 7వ వచనంలో "క్షేమము" అనే మాట మూడుసార్లు ఉంది. 11లో "సమాధానకరమైన" అని ఉంది. రెండు వేరే మాటలు అనుకుంటాం. పైగా స్కూల్లో ప్రశ్నలు, సమాధానాలు రాసి పెరిగినవాళ్ళం, సమాధానం అంటే జవాబు అని మనసులో పడిపోయింది. మీ ఫోన్‌లో స్ట్రాంగ్స్ నంబర్లు చూపించే యాప్ ఏదైనా ఉంటే రెండు వచనాలూ తెరిచి చూడండి. నాలుగు చోట్లా ఒకే నంబరు, 7965. ఒకే మాట, షాలోమ్. ఇది అనువాదకుల తప్పు అనను. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు క్రాన్, డే గ్రాంజెస్, వారితో కలిసి పనిచేసిన ఆనందరాయరు కష్టం మీద మొదటి తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అప్పటినుండి ఎంతోమంది చేతుల మీదుగా మన బైబిల్ మనకు వచ్చింది. షాలోమ్‌కు సరిపడే ఒక్క తెలుగు మాట ఎవరికి మాత్రం దొరుకుతుంది? ఆరోగ్యం, శాంతి, ఏ లోటూ లేకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. అందుకే సందర్భాన్ని బట్టి మాట మార్చారు. మనం చదివేటప్పుడు మళ్ళీ కలుపుకోవాలి.

కలుపుకుంటే ఏమవుతుందో చూడండి. 11లో దేవుడు తన ప్రజలకు ఇస్తానన్న షాలోమ్, 7లో వాళ్ళను వెతకమన్న షాలోమ్ ఒకే మాట. ఎవరి షాలోమ్ వెతకాలి? బబులోను పట్టణానిది. తమను ఎత్తుకొచ్చిన రాజు ఊరిది. దాని కోసం ప్రార్థన చేయమన్నాడు. ఆ ఊరు బాగుంటే మీరూ బాగుంటారన్నాడు.

నేను పుట్టి పెరిగింది బహదూర్‌పురాలో. జూ పార్కు గేటు మా ఇంటి నుండి నడిచి వెళ్ళేంత దూరం. రోజూ ఇక్కణ్ణుంచి గచ్చిబౌలి వెళ్ళి వస్తాను. బంధువుల పెళ్ళిళ్ళలో తప్పకుండా అడిగే ప్రశ్న, "ఇంకా ఓల్డ్ సిటీలోనేనా? మియాపూర్ సైడు చూసుకోవచ్చు కదా బాబూ." మా యూత్ ప్రార్థనల్లో కూడా, "ప్రభువా, మమ్మల్ని మంచి ఏరియాకు నడిపించు" అనే మాట తరచుగా వినబడుతుంది. ఇల్లు మారడం పాపం కాదు. పిల్లల చదువుకో, ఉద్యోగానికో మారతారు, మంచిదే. నేను అడిగేది ఒక్కటే: ఉన్నన్నాళ్ళూ ఈ వీధి కోసం ప్రార్థన చేశామా? "ఇక్కణ్ణుంచి" అని కాకుండా "ఇక్కడ" అని ఎప్పుడైనా ప్రార్థించామా?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను పాతబస్తీని బబులోను అనడం లేదు. నాకు ఇది చెర కాదు, నా ఊరు. మా ఇంటికి రెండు వైపులా ముస్లిం కుటుంబాలే. అమ్మకు జ్వరం వస్తే ముందు తలుపు తట్టేది పక్కింటి ఆపానే. పొద్దున లేస్తే వీధిలో వినబడే "సలామ్" అనే మాట కూడా షాలోమ్‌కు అక్కలాంటిదే, అరబీ, హీబ్రూ ఒకే కుటుంబం భాషలు. మరి ఈ ఉత్తరం మనకు ఎలా వర్తిస్తుంది? పేతురు దారి చూపించాడు. 1 పేతురు 1:1లో విశ్వాసులను పరదేశులుగా పిలిచి, 5:13లో తన ఉత్తరం ముగిస్తూ బబులోను పేరే ఎత్తాడు. క్రైస్తవుడు ఎక్కడున్నా, మియాపూర్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా, యాత్రికుడే. 1 తిమోతి 2:1, 2 కూడా మనుషులందరి కోసం, అధికారంలో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన చేయమంటుంది.

2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పటి సంగతి ఇక్కడ పెద్దవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. గుమ్మం మీద ఏ గుర్తు ఉందో చూసి నీళ్ళు లోపలికి రావు. నాలా పూడిక తీయకపోతే అందరి ఇళ్ళూ మునుగుతాయి. ఊరి క్షేమంలోనే మీ క్షేమం ఉందన్న 7వ వచనం నాకు అర్థమైంది ఇలాంటి చోటే. కాబట్టి మా యూత్‌లో ఇప్పుడు శనివారం ప్రార్థనలో నాలా గురించి, మంచినీళ్ళ గురించి, ఈ వీధిలో టెన్త్ రాస్తున్న పిల్లల గురించి పేర్లతో ప్రార్థిస్తున్నాం. మొదట్లో కొంచెం వింతగా ఉండేది. మాకు అలవాటు లేని ప్రార్థన మరి.

ఈ ఉత్తరం అందరికీ నచ్చిందనుకోకండి. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండే రెండు సంవత్సరాల్లో అంతా తిరిగి వస్తుందన్నాడు. యిర్మీయా మెడ మీది కాడిని తీసి విరిచాడు. వినడానికి ఎంత బాగుంది! ఈ రోజుల్లో అయితే ఆ మెసేజ్ ఎంతమందికి ఫార్వర్డ్ అయ్యేదో. బబులోనులో ఉన్న షెమయా అనేవాడు (29:24 నుండి) యాజకుడైన జెఫన్యాకు ఉత్తరం రాసి, ఈ వెర్రివాణ్ణి బొండలో ఎందుకు వేయలేదని అడిగాడు. అతని కోపం దేనిమీదో 28వ వచనంలో ఉంది, చాలాకాలం పడుతుంది, ఇళ్ళు కట్టుకోండి అని రాసినందుకు. తొందరగా అయిపోతుందని చెప్పే గొంతు ఎప్పుడూ మనకు తియ్యగానే ఉంటుంది. ఆ చెల్లికి కూడా, "ఈ నెలలోనే డబుల్ శాలరీతో వస్తుంది, నమ్ము" అని చెప్పినవాళ్ళు ఉన్నారు. రాలేదు. దాంతో గాయం ఇంకా లోతైంది.

మరి తనకు నేనేం చెప్పాను? కార్డు పారేయమని చెప్పలేదు. 12, 13 వచనాలు కలిపి చదివాం. డెబ్బై ఏళ్ళ మధ్యలో ఉన్నవాళ్ళకు దేవుడు ఇచ్చింది తనను తానే. మొర్రపెట్టండి, వింటాను, పూర్ణమనస్సుతో వెదికితే దొరుకుతాను అని. యెరూషలేము మందిరం లేని చోట, బబులోను కాలువల పక్కన కూడా ఆయన దొరుకుతాడు. తనకు ఉద్యోగం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది, మునుపటికన్నా తక్కువ జీతం. ఆ ఎనిమిది నెలల్లో యిర్మీయా గ్రంథం మొత్తం చదివింది. వాల్‌పేపర్ ఇంకా అదే, కాకపోతే కింద 4–14 అని చేత్తో రాసి ఫోటో తీసి పెట్టుకుంది.

చివరగా దానియేలు 9:2 తెరవండి. దానియేలు ఇప్పుడు ముసలివాడు, దర్యావేషు ఏలుబడి మొదటి సంవత్సరం. గ్రంథాలు చదువుతూ యిర్మీయాకు వచ్చిన ఆ డెబ్బై ఏళ్ళ మాట దగ్గర ఆగాడు. లెక్క పెట్టుకున్నాడు. తర్వాత ఏం చేశాడో 3వ వచనంలో చూడండి: గోనెపట్ట, బూడిద, ఉపవాసం. టైమ్ అయిపోవచ్చింది కదా అని మూటలు కట్టుకోలేదు, జనుల పాపాలు తనవిగా ఒప్పుకుని ప్రార్థించాడు. ఆ ప్రార్థన 19వ వచనం దాకా ఉంది. వచ్చే వారం వీడియో దాని మీదే. ముందుగా యిర్మీయా 27, 28, 29 ఒకే కూర్చోటంలో చదివి రండి, అరగంట కూడా పట్టదు. 28లో హనన్యా మాట్లాడిన నెల, చనిపోయిన నెల ఒక కాగితం మీద రాసుకోండి, వచ్చే వారం ఆ తేడాతోనే మొదలుపెడదాం. ప్రభువు చిత్తమైతే కలుసుకుందాం.