కథ చెప్పింది ఎవరో కూడా రాసుకో

శాలిబండ,
హైదరాబాద్.

చిరంజీవి మాధురికి,

నీ ఉత్తరం అందింది బిడ్డా. ఎం.ఏ. ప్రాజెక్టుకి పాతబస్తీ పవిత్ర స్థలాల కథలు తీసుకున్నావని చదివి చాలా సంతోషపడ్డాను. చార్మినార్ గురించే ముగ్గురిని అడిగితే మూడు కథలు చెప్పారనీ, ఏది నిజమో ఎట్లా తేల్చాలో అర్థం కావడం లేదనీ రాశావు. తేల్చే పని తర్వాత చూద్దువు. ఏ గుడికి పోయినా, ఏ మసీదుకి పోయినా, మొహర్రం సంతాపం జరిగే ఏ ఆషూర్‌ఖానాకి పోయినా ముందు మూడు ప్రశ్నలు అడుగు. ఇక్కడికి ఏం తెచ్చారు? ఇక్కడ ఏ ఆపద తప్పింది? ఇక్కడ ఏటా ఏం చేస్తారు? ఈ గల్లీల్లోనే పుట్టి పెరిగి, ఇక్కడి బడిలోనే చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ కథ ఎందుకు పుట్టిందో, ఇన్నాళ్లు ఎందుకు నిలిచిందో నీకే తెలుస్తుంది.

మొదటి ప్రశ్నకి మక్కా మసీదు దగ్గర మొదలుపెట్టు. 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా పని మొదలుపెట్టించాడు. కుతుబ్ షాహీల రాజ్యం పోయి, గోల్కొండ మొఘలుల చేతికి వచ్చాక, 1694లో ఔరంగజేబు దాన్ని పూర్తి చేయించాడు. మక్కా నుంచి తెప్పించిన మట్టితో ఇటుకలు చేసి మధ్య కమానులో పెట్టారనీ, ఆ పేరు అందుకే వచ్చిందనీ చెబుతారు. ఆ తర్వాత మీర్ మోమిన్ దాయిరా అనే శ్మశానవాటికకి వెళ్లు. అంతకుముందు సుల్తానుగా ఉన్న మహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర పీష్వాగా, అంటే ప్రధానిగా ఉండి ఈ నగరానికి నక్షా వేసిన మీర్ మోమిన్ అస్తరాబాదీ సమాధి అక్కడే ఉంది. ఆయన కర్బలా నుంచి మట్టి తెప్పించి ఆ నేలలో కలిపించాడని అంటారు. దబీర్‌పురాలో బీబీ కా అలావాకి వెళ్తే, మొహర్రంలో ఊరేగించే అక్కడి అలం అనే జెండాలో ఒక చెక్క ముక్క పొదిగి ఉందనీ, ప్రవక్త బిడ్డ ఫాతిమాకి అంతిమ స్నానం చేయించిన పలక నుంచి వచ్చిందనీ భక్తులు చెబుతారు. మూసీ నది దాటి సికింద్రాబాద్ వెళ్తే అక్కడి మహంకాళి పేరులోనే ఉజ్జయిని ఉంది. ఆ కథ కూడా ఇక్కడి నుంచి అక్కడికి పోయిన ఒక పటాలంతో మొదలవుతుంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇది మన దగ్గరే ఉన్న అలవాటు అనుకోకు. ఇటలీలోని పీసా ఊళ్లో పాత శ్మశానవాటిక ఒకటుంది. 12వ శతాబ్దం చివర ఆర్చిబిషప్ ఉబాల్దో, క్రీస్తును శిలువ వేసిన గొల్గొతా నుంచి ఓడల్లో మట్టి తెచ్చి అక్కడ పోయించాడని వాళ్లు చెప్పుకుంటారు. మక్కాకి పోవాలన్నా, కర్బలాకి పోవాలన్నా, జెరూసలేం పోవాలన్నా అప్పట్లో నెలల తరబడి ప్రయాణం. తిరిగి వస్తామన్న నమ్మకం ఉండేది కాదు. పోలేనివాళ్ల కోసం ఆ చోటును పిడికెడైనా ఇక్కడికి తెచ్చారన్నది ఈ కథలన్నింటి సారం. ఆ మట్టి నిజంగా అక్కడిదేనా అని అడిగే హక్కు చరిత్ర విద్యార్థిగా నీకుంది. అయితే ఈ ఊరివాళ్లు తమ నేల ఏ నేలతో ముడిపడి ఉందని నమ్మారో, అది కూడా చరిత్రే. దాన్నీ రాయాలి.

రెండో ప్రశ్న ఆపద గురించి. చార్మినార్ కట్టింది 1591లో, అంటే హిజ్రీ లెక్కన వెయ్యో సంవత్సరంలో. ఊరిని పట్టి పీడించిన మహమ్మారి తగ్గిపోతే ఇక్కడ కట్టడం కట్టిస్తానని మహమ్మద్ కులీ మొక్కుకున్నాడనీ, అదే ఇదనీ ఒక కథ. తను ప్రేమించిన చిచ్లం ఊరి భాగమతి కోసం కట్టించాడని ఇంకో కథ. భాగమతి పేరు మీద వెలసిన ఊరి సంగతి పాత చరిత్రకారుడు ఫెరిష్తా తన చరిత్రలో రాశాడు. 20వ శతాబ్దంలో చరిత్రకారుడు హెచ్.కె. షేర్వానీ గారు ఆధారాలన్నీ పరిశీలించి ఆ కథ నిలబడదన్నారు. చూశావా, మొక్కు కథ చెప్పేవాళ్లకి ఊరు బతికి బయటపడడం ముఖ్యం. భాగమతి కథ చెప్పేవాళ్లకి సుల్తానూ తెలుగు పిల్లా ఒకటి కావడం ముఖ్యం. ఒకే కట్టడం దగ్గర నిలబడి ఇద్దరూ రెండు వేరువేరు సంగతులు మనకి అప్పజెబుతున్నారు.

ఇప్పుడు సికింద్రాబాద్ కథకి రా. 1813లో జంటనగరాల్లో మహమ్మారి వ్యాపించింది. అప్పుడు ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి పటాలం వాళ్లు, తమ ఊరు చల్లబడితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తామని మహంకాళికి మొక్కుకున్నారు. వాళ్లలో సురిటి అప్పయ్య అనే ఆయన తిరిగొచ్చాక 1815లో కట్టె విగ్రహం నిలిపాడు. బోనాలకి ఇదే మొదలని చాలామంది చెబుతారు. చార్మినార్ మొక్కుకీ ఈ మొక్కుకీ మధ్య రెండు వందల ఏళ్లకి పైగా దూరం ఉంది, మతం వేరు, మొక్కినవాళ్ల అంతస్తు వేరు. జబ్బు ముందు మాత్రం సుల్తాను, సిపాయి ఇద్దరూ ఒకే మాట ఇచ్చారు. సముద్రం అవతల వెనిస్ నగరం కూడా 1630లో ప్లేగు తగ్గాలని ఇదే విధంగా మొక్కుకుని మేరీ మాత పేర పెద్ద చర్చి కట్టింది. ఇప్పటికీ ఏటా నవంబరు 21న జనం ఆ మొక్కు తీర్చడానికి అక్కడికి పోతారు.

ఆపద ప్రశ్న అడుగుతూ పోతే 1908 సెప్టెంబరు 28 దగ్గర తప్పకుండా ఆగుతావు. ఆ రోజు మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకుంది. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి గుడి దగ్గర అడిగితే ఏం చెబుతారో విను. ప్రధాని మహారాజా కిషన్ పెర్షాద్ సలహా మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అమ్మవారికి పూజ చేయించి, మూసీకి పసుపు కుంకుమలు సమర్పిస్తే నీళ్లు తగ్గుముఖం పట్టాయంటారు. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ వచ్చి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు చూడు. దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది బతికారని చెబుతారు. ఆపైన ఊరి బయటికి పోయి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చూడు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వరదను ఆపడానికి వేసిన పథకం నుంచి 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తయ్యాయి. ఒకే వరద ఒక గుడిలో, ఒక చెట్టులో, రెండు చెరువుల్లో మిగిలింది. చెరువులు ఉన్నాయి కదా అని గుడి కథ వదిలేయకు. గుడి కథ ఉంది కదా అని ఇంజనీరు లెక్కలు మరిచిపోకు. హిందూ దేవతకి ముస్లిం పాలకుడు మొక్కాడని చెప్పుకోవడంలో ఆ బస్తీ జనానికి ఎంత ఇష్టం, ఎంత గర్వం ఉన్నాయో ఏ ఇంజనీరు రిపోర్టులోనూ దొరకదు.

మూడో ప్రశ్న, ఏటా ఏం చేస్తారు అన్నది, నాకు అన్నిటికంటే ముఖ్యం. బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకి వెళ్లి గోడ దగ్గరగా నిలబడు. మహమ్మద్ కులీ కట్టించిన చోటు అది. పైభాగంలో పసుపు, నీలం, ఆకుపచ్చ ఎనామిల్ పెంకులు అలం ఆకారాల్లో ఇంకా మెరుస్తూ ఉంటాయి. కిందికి వచ్చేసరికి మెరుపు ఉండదు, ఉత్త రంగు వేసిన పూత ఉంటుంది. 1908 వరద నీళ్లు అక్కడి పెంకులను పాడుచేస్తే, వాటి స్థానంలో బొమ్మ గీశారు. వరద తగిలిన జాగా గోడ మీదే కనిపిస్తుంది. అంతకుముందు ఇంకో గండం కూడా గడిచింది దానికి. గోల్కొండ మొఘలుల పాలైనాక అది బండ్లు పెట్టుకునే కొట్టంగా మారిపోయింది. గోడలూ ఉన్నాయి, పెంకులూ ఉన్నాయి, మొహర్రం సంతాపమైన మాతం మాత్రం లేదు. తర్వాత నిజాం అలీ ఖాన్ కాలంలో మళ్లీ అలాలు నిలిపాక అది మళ్లీ ఆషూర్‌ఖానా అయింది. పెంకుల వల్ల కాకుండా జనం వచ్చి చేసే పని వల్లే ఆ చోటు పవిత్రంగా నిలిచిందని నేను నమ్ముతాను. జపాన్‌లో ఇసె అనే చోట దేవాలయాన్ని ఇరవై ఏళ్లకొకసారి కొత్త కలపతో పక్క జాగాలో మళ్లీ కడతారు. 2013లో అట్లాగే కట్టారు. కలప మారుతుంది, కట్టే పని ఆగదు.

బోనాన్ని కూడా దగ్గర నుంచి చూడు. పసుపు కుంకుమలు దిద్దిన కుండ, లోపల పాలు బెల్లం వేసి వండిన అన్నం, మెడ చుట్టూ వేపకొమ్మలు, పైన దీపం. వేప, పసుపు రెండూ ఇంట్లో జబ్బు పడ్డప్పుడు మన ఆడవాళ్ల చేతికి ముందుగా వచ్చేవి. 1813 సంగతి ఏ పుస్తకమూ చదవని అమ్మ కూడా ఆ కుండ నెత్తిన పెట్టుకుని అదే మొక్కు మళ్లీ తీరుస్తోంది. ఆషాఢంలో మన హరిబౌలి అక్కన్న మాదన్న గుడి అమ్మవారి ఘటం ఏనుగు మీద బయలుదేరుతుంది. మొహర్రం పదో రోజు బీబీ కా అలం ఏనుగు మీద దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా పోతుంది. కొన్నేళ్లపాటు జూపార్కు ఏనుగు రజనియే రెండు ఊరేగింపుల్లోనూ నడిచింది. ఇక మన తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ వస్తే పీర్లను ఎత్తుకునేవాళ్లలో, మొక్కులు చెల్లించేవాళ్లలో హిందువులు ఎంతమంది ఉంటారో మీ అమ్మమ్మ వాళ్ల ఊళ్లో నువ్వే చూశావు.

ఇప్పుడు పని ఎట్లా చేయాలో చెబుతాను. కథ విన్నప్పుడు చెప్పిన మనిషి ఆ చోటికి ఏమవుతారో రాసుకో. పూజారా, దర్గా చూసుకునే ముజావరా, పూలమ్మే అమ్మా, ఏటా మొక్కు తీర్చడానికి వచ్చే మనిషా? తను ఎవరి దగ్గర విన్నారో అడుగు. వాళ్ల మాటల్లోనే రాయి, నీ భాషలోకి దిద్దకు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయి, కలిపి మూడో కథ తయారు చేయకు. శాసనంలో, పాత చరిత్రలో, సర్కారు రికార్డులో దొరికింది వేరే పేజీలో పెట్టు. రికార్డు ఏం జరిగిందో చెబుతుంది, కథ ఆ జనానికి ఏది విడవరానిదో చెబుతుంది. రెండింటికీ నీ నోట్‌బుక్‌లో చోటు ఉండాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కథను చూపించి ఈ నేల మాదే, మీరు లేవండి అనేవాళ్లు అన్ని మతాల్లోనూ తగులుతారు. వాళ్ల దగ్గర కథ ఎప్పుడూ ఒకటే ఉంటుంది, ఇంకోటి వినిపిస్తే కోపం వస్తుంది. ఈ బస్తీ అట్లాంటి కోపాలకి కర్ఫ్యూలతో ఖరీదు కట్టింది. వాళ్లతో వాదనకి దిగకు. నువ్వు చేయగలిగింది ఒకటుంది, అది పెద్ద పనే. ఒక్కో చోటికి ఉన్న కథలన్నింటినీ, ఎవరు చెప్పారో ఆనవాలుతో సహా, పక్కపక్కన పెట్టి చూపించు. అది చదివినవాళ్లకి ఒక్క కథతో ఊరంతటినీ కొలవడం కష్టమవుతుంది.

రాయడం అయ్యాక కాగితాలు తీసుకుని కథ చెప్పినవాళ్ల దగ్గరికి మళ్లీ పో. వాళ్లకి చదివి వినిపించు. దిద్దమంటే దిద్దు, వద్దన్న మాట తీసేయి. నేను చెప్పింది ఇదే అని వాళ్లు అన్నాకే ప్రొఫెసర్ గారికి ఇవ్వు. నీ అభిప్రాయం ఆ తర్వాత, చివరి పేజీలో, నీ పేరు పెట్టి రాయి.

నీ
పెద్దమ్మ