ఈ పిల్ల ఏ జాతిది?

మీ వీధిలో ఒక కుక్క ఈనిందనుకోండి. ఐదు పిల్లలు. రెండు నల్లవి, ఒకటి గోధుమ వన్నెది, ఒకటి తెలుపు మీద మచ్చలున్నది, ఇంకొకటి ఏ రంగో చెప్పలేనిది. అవి కళ్లు తెరిచేసరికే పెద్దలూ పిన్నలూ చుట్టూ చేరి తీర్పులు చెప్పేస్తారు. "ఇది ఆల్సేషియన్ క్రాసురా, మూతి చూడు!" అంటాడొకడు. "కాదు, డాబర్‌మన్. కళ్ల మీద ఆ గోధుమ చుక్కలు కనబడలేదూ?" అంటాడు మరొకడు. ఏ పిల్ల ఎవరింటికి పోవాలో ఆ సాయంత్రానికే తేలిపోతుంది. "అది ఒట్టి ఊరకుక్కలే" అనిపించుకున్న ఐదో పిల్ల మాత్రం తల్లితోపాటు అరుగు కిందే మిగిలిపోతుంది.

ఈ తీర్పుల్లో నిజమెంత? పిల్లను చూసి దాని తాత ముత్తాతలు ఏ జాతివో చెప్పగలమా? ఒక ఉదాహరణ తీసుకుని మెల్లగా ముందుకు పోదాం.

మన ఊళ్లలో బొచ్చుకుక్క అని పిలిచే పొమరేనియన్‌ను మీరు చూసే ఉంటారు. (మనం పొమరేనియన్ అనేవాటిలో చాలావాటిని జాతుల సంగతి తెలిసినవారు ఇండియన్ స్పిట్జ్ అంటారు. పేరు దగ్గరే మన ఊహ తప్పుతోందన్నమాట! సరే, మనం బొచ్చుకుక్క అనే అందాం.) దానికీ, పొట్టి వెంట్రుకలున్న ఒక ఊరకుక్కకూ పిల్లలు పుట్టాయి. ఆ పిల్లల వెంట్రుకలు ఎలా ఉంటాయి? మా తరగతిలో అడిగితే చాలామంది "సగం బొచ్చుతో ఉంటాయండీ" అంటారు. పాలలో నీళ్లు కలిపితే పలచబడినట్టు, రెండు జాతులు కలిస్తే లక్షణాలు కూడా సగం సగమవుతాయని వారి ఊహ.

కాని లక్షణాలు అలా కలవవు. కుక్క శరీర కణాల్లో 78 క్రోమోజోములు, అంటే 39 జతలు ఉంటాయి. మనకైతే 46 మాత్రమే. ప్రతి జతలోనూ ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. జన్యువులు ఉండేది వీటి మీదే. వెంట్రుక కొంత పెరిగాక "ఇక చాలు, ఆగు" అని చెప్పే జన్యువు వాటిలో ఒకటి. బొచ్చుకుక్కలో ఈ జన్యువు చెడిపోయిన రూపంలో ఉంటుంది, జతలోని రెండు ప్రతులూ మూగవే. అందుకే దాని వెంట్రుక ఆగకుండా చాలా కాలం పెరుగుతుంది. మన ఊరకుక్కలో రెండు ప్రతులూ పనిచేస్తున్నాయనుకుందాం. పుట్టిన ప్రతి పిల్లకూ తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. అంటే ఒకటి మూగది, ఒకటి మాట్లాడేది. "ఆగు" అని ఒక్కరు చెప్పినా వెంట్రుక ఆగుతుంది కదా! కాబట్టి ఈ పిల్లలన్నీ పొట్టి వెంట్రుకలతోనే పెరుగుతాయి. పొట్టి వెంట్రుక బహిర్గత లక్షణం, పొడవు వెంట్రుక అంతర్గత లక్షణం అని మీ పాఠ్యపుస్తకం భాషలో చెప్పవచ్చు.

ఇక్కడే చిక్కు వచ్చిపడుతుంది. పిల్లను తీసుకువెళ్లినవారు ఆరు నెలలు ఎదురుచూస్తారు. బొచ్చు రాదు. "ఇది బొచ్చుకుక్క పిల్లే కాదు, మమ్మల్ని మోసం చేశారు" అంటారు. ఆ పిల్ల పుట్టుకలో మాత్రం సరిగ్గా సగం బొచ్చుకుక్కదే.

ఇలాంటి పిల్లలే రెండు పెద్దవై వాటికి సంతానం కలిగితే ఏమవుతుంది? మీరే కనుక్కోండి. రెండు రూపాయి నాణేలు తీసుకోండి. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. బొమ్మ పడితే "ఆగు" అనే ప్రతి, బొరుసు పడితే మూగ ప్రతి. రెండింటినీ కలిపి నలభై సార్లు ఎగరవేసి, రెండూ బొరుసులే పడినవి ఎన్నో లెక్క రాయండి. సుమారు పది వస్తాయి. ఎనిమిదీ రావచ్చు, పదమూడూ రావచ్చు. ఆ పదీ బొచ్చుతో పుట్టే మనుమలు! పొట్టి వెంట్రుకల తల్లికి, పొట్టి వెంట్రుకల తండ్రికి ఉన్నట్టుండి బొచ్చుపిల్ల పుడితే వీధి వీధంతా విడ్డూరంగా చెప్పుకుంటుంది. మెండెల్ బఠానీ మొక్కల్లో చూసి 1866లో అచ్చువేసిన సంగతి ఇదే. అయితే నాలుగు పిల్లలు పుడితే అందులో ఒకటి తప్పక బొచ్చుదే కావాలని అనుకోకండి. నాణెం అంత క్రమంగా పడదు.

కొన్ని లక్షణాలు దీనికి తిరగబడి ఉంటాయి. పొట్టికాళ్ల డాక్స్‌హుండ్‌ను చూశారా? దాని కాళ్లను కురచ చేసే జన్యువు ఒక్క ప్రతి ఉన్నా చాలు, ప్రభావం బయటపడుతుంది. అందుకని ముత్తాతల్లో ఒక్కటే డాక్స్‌హుండ్ అయినా, ఆ ఒక్క ప్రతి వారసత్వంగా దిగివచ్చిందంటే కుక్క నేలబారుగా నడుస్తుంది, చూసినవారంతా డాక్స్‌హుండ్ పిల్ల అనేస్తారు. సగం వంతు ఉన్న బొచ్చుకుక్క కనబడకుండా దాక్కుంది, సుమారు ఎనిమిదో వంతు ఉన్న డాక్స్‌హుండ్ ఎదురుగా వచ్చి నిలబడింది!

రంగు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. లాబ్రడార్‌లో నలుపు, చాకొలెట్, పసుపు అని మూడు రంగులున్నాయి. నల్లని తల్లికీ నల్లని తండ్రికీ ఒకే ఈతలో ఈ మూడు రంగుల పిల్లలూ పుట్టవచ్చు. ఒక జన్యువు డబ్బాలో ఏ రంగు ఉందో నిర్ణయిస్తుంది, నలుపా, చాకొలెట్టా అని. రెండో జన్యువు కుళాయి లాంటిది. కుళాయి తెరుచుకుంటేనే ఆ రంగు వెంట్రుకల్లోకి దిగుతుంది, లేకపోతే వెంట్రుక పసుపుగా ఉండిపోతుంది. అలాంటప్పుడు డబ్బాలో ఏ రంగు ఉందో తెలుసుకోవడమెలా? ముక్కు చూడండి. ముక్కు రంగు ఈ కుళాయి మీద ఆధారపడదు. పసుపు లాబ్రడార్ ముక్కు నల్లగా ఉంటే డబ్బాలో ఉన్నది నలుపు, గోధుమగా ఉంటే చాకొలెట్. ఇన్ని తెలియకముందు ఎందరు యజమానులు తమ కుక్క మీద లేనిపోని అనుమానాలు పడ్డారో! (ఒకే ఈతలోని పిల్లలకు తండ్రులు వేరు వేరు కావడం కూడా కుక్కల్లో జరిగేదే. అది వేరే సంగతి.)

అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు బసెంజీ, కాకర్ స్పానియల్ అనే రెండు జాతులను కలిపి తరతరాలుగా పిల్లల్ని పెంచి, 1965లో ఒక పెద్ద పుస్తకం వెలువరించారు. బసెంజీ చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి, ఒళ్లు నున్నగా ఉంటుంది. కాకర్ చెవులు వేలాడతాయి, ఒళ్లంతా బొచ్చు. రెండో తరానికి వచ్చేసరికి ఒకదానికొకటి పోలిక లేని పిల్లలు పుట్టాయి. వాటిని రోడ్డు మీద చూసినవారెవరూ బసెంజీ, కాకర్ అనే రెండు పేర్లూ కలిపి చెప్పలేరు.

మరి కుక్కలతోనే బతికేవారైనా సరిగా చెబుతారా? 2009లో విక్టోరియా వోయిత్ అనే పశువైద్యురాలు, ఆమె సహచరులు ఈ పరీక్షే చేశారు. కుక్కలను పెంపకానికిచ్చే సంస్థలవారు చూపుతో చెప్పిన జాతులను, డి.ఎన్.ఏ. పరీక్షలో తేలిన జాతులతో పోల్చారు. తీసుకున్నవి 20 కుక్కలు. చాలావాటి విషయంలో రెండూ కలవలేదు.

మన వీధి పిల్లల దగ్గరకు తిరిగి వద్దాం. కళ్ల మీద గోధుమ చుక్కలుంటే డాబర్‌మన్ అన్నారు కదా. డాబర్‌మన్ జాతి 19వ శతాబ్దం చివర జర్మనీలో తయారైంది. ఆ చుక్కలు దానికి పూర్వులు ఇచ్చినవే. రాట్‌వైలర్‌కూ ఉన్నాయి, డాక్స్‌హుండ్‌కూ ఉన్నాయి, సీమకుక్క మొహం ఎరుగని పల్లెల్లోని కుక్కలకూ ఉన్నాయి. డాబర్‌మన్ బొమ్మల్లో కనిపించే ఆ నిటారు చెవులైతే అసలు పుట్టుకతో వచ్చినవి కావు, పిల్లగా ఉన్నప్పుడు కోయించినవి. మనకు తెలిసిన జాతుల్లో చాలా భాగం గత రెండు వందల ఏళ్లలో మనుషులు ఏరి కూర్చినవి. కుక్క మనిషి వెంట పడి 15,000 ఏళ్లకు పైనే అయింది. కాబట్టి ఊరకుక్క అంటే నాలుగు జాతులు కలిసి చెడిపోయిన కుక్క అనుకోవడం పొరపాటు. జాతులు ఏర్పడకముందు నుంచీ ఉన్న వంశం దానిది.

ఇదంతా పొద్దుపోని కబుర్లని కొట్టిపారేయడానికి లేదు. బ్రిటన్‌లో 1991లో ప్రమాదకరమైన కుక్కల చట్టం వచ్చింది. ఒక కుక్క నిషేధించిన రకానిదా కాదా అన్నది అక్కడ తల్లిదండ్రులను బట్టి కాక దాని రూపాన్ని, కొలతలను బట్టి తేలుస్తారు. కొలతలు సరిపోతే దాని ప్రాణం మీదికే రావచ్చు. మన దేశంలో 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతులను, వాటి క్రాసులను కూడా పెంచడానికి అనుమతించవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ లేఖ అమలైతే ఏది క్రాసో, ఏది కాదో ఎవరు చెప్పాలి? మూతి చూసి చెప్పే మన వీధి పెద్దమనుషులా?

పోనీ, జాతి సరిగానే తెలిసిందనుకుందాం. పిల్ల ఎలాంటి స్వభావంతో పెరుగుతుందో అప్పుడైనా తెలుస్తుందా? 2022లో అమెరికా శాస్త్రజ్ఞులు 18,385 కుక్కల యజమానులు పంపిన జవాబులను, 2,155 కుక్కల జన్యువులను కలిపి చూశారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది.

ఈసారి మీ వీధిలో పిల్లలు పుడితే తీర్పు చెప్పడానికి తొందరపడకండి, ఒక నోటుపుస్తకం తీసుకోండి. తల్లికి కోపం వస్తుంది కనుక దూరం నుంచే చూడండి. కళ్లు ఎన్నో రోజున తెరిచాయి (సుమారు రెండు వారాలు పడుతుంది), ముక్కు రంగు ఏమిటి, వేలాడే చెవులు ఏ నెలలో లేచాయి, లేక లేవలేదా, వెంట్రుక రంగు మారిందా, ఇవన్నీ తేదీలతో రాయండి. ఆల్సేషియన్ చెవులు కూడా పుట్టగానే నిలబడవని, డాల్మేషియన్ ఒంటి మీద పుట్టినప్పుడు ఒక్క మచ్చా ఉండదని గుర్తుంచుకోండి. ఎనిమిది వారాలు నిండేదాకా ఏ పిల్లనూ తల్లి దగ్గర నుంచి తేవద్దు. ఆ ఐదో పిల్లను మీ ఇంటికి తెచ్చుకున్నట్లయితే, మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించి, ఆ తేదీని కూడా అదే పుస్తకంలో రాసుకోండి.